పాటల మధ్య అతుకులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత రాక్ ఆల్బమ్‌లను మళ్లీ బయటికి తీసి వింటున్నవారి ఉత్తరాలకు ఈ పేజీలో జవాబులిస్తున్నాం. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఒకే రికార్డు చుట్టూ తిరిగాయి. అది పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 మార్చిలో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో క్యాసెట్ మీద అరిగేదాకా విన్నాను. ముప్పై ఏళ్ల తర్వాత ఫోన్‌లో పెట్టుకుంటే అదే ఆల్బమ్ ముక్కలుముక్కలుగా వినిపిస్తోంది. పాటకీ పాటకీ మధ్య ఎవరో చిటిక వేసినట్టు ఆగుతోంది. నా చెవులు మారాయా, ఆల్బమ్ మారిందా? (గుంటూరు)

జవాబు: రెండూ మారలేదండీ. మారింది వినిపించే పద్ధతి. ఇందులో పది పాటలున్నాయి, అంటే మధ్యలో తొమ్మిది అతుకులు. వాటిలో నిజమైన విరామం ఒక్కటే: ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ ముగిసి ‘మనీ’ మొదలయ్యే చోటు. ఎల్పీలో ఆ చోట లేచి రికార్డు తిరగేయాలి. మిగతా ఎనిమిది చోట్లా ఒక పాట ఇంకా ఆరకముందే రెండోది అంటుకుంటుంది. ఇక్కడ పాటలెంత ముఖ్యమో అతుకులూ అంతే ముఖ్యం. అవి తెగితే మిగిలేది పది మంచి పాటలు, ఆల్బమ్ కాదు.

ఆ చిటికకు కారణాలు మూడు. మొదటిది యాప్‌లోని క్రాస్‌ఫేడ్. ఒక పాట చివరనూ మరో పాట మొదలునూ కొన్ని సెకన్లపాటు ఒకదానిమీద ఒకటి పరిచే అమరిక ఇది. పెళ్లి విందులో పాటల వరుసకు బాగుంటుందేమో గానీ ఇక్కడ అపచారం. దాన్ని సున్నా సెకన్లకు దించండి. పక్కనే ‘గ్యాప్‌లెస్’ అని ఉంటే ఆన్ చేయండి. షఫుల్ ఆపేయండి.

రెండోది, మీ దగ్గరున్నవి పాత ఎంపీ3 ఫైళ్లు కావడం. ఎంపీ3 శబ్దాన్ని 1152 నమూనాల (శాంపిళ్ల) గుళికలుగా కట్టి దాస్తుంది. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 నమూనాలు, కాబట్టి ఒక్కో గుళిక సుమారు 26 మిల్లీసెకన్లు. పాట నిడివి గుళికల లెక్కకు సరిగ్గా సరిపోదు కనుక చివర నిశ్శబ్దం కూరుతారు. మొదట్లోనూ సెకనులో నలభయ్యో వంతు దాకా ఖాళీ చేరుతుంది. ఎంత కూరారో ఫైల్లో రాసి ఉంటే మంచి ప్లేయర్ దాన్ని కోసేసి వినిపిస్తుంది. రాసి లేకపోయినా, ప్లేయర్ చదవకపోయినా ఆ చిటిక తప్పదు. మందు ఒకటే: సీడీ నుంచి మళ్లీ ఫ్లాక్ (శబ్దంలో ఏమీ పోకుండా దాచే రకం) ఫైళ్లుగా దించుకోండి. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చితే ఏమీ రాదు, కూరిన నిశ్శబ్దం కూడా భద్రంగా అందులోకి వచ్చేస్తుంది.

మూడోది, ప్రతి పాట శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చే అమరిక. దానిలో ‘ఆల్బమ్’ అనే ఎంపిక ఉంటే అది పెట్టండి, లేకపోతే మొత్తంగా తీసేయండి. పాట పాటకూ విడిగా సరిచేస్తే అతుకు దగ్గర శబ్దం మెట్టు దిగినట్టు తెలిసిపోతుంది.

సరిచేశాక పరీక్ష ఇది. ‘బ్రెయిన్ డ్యామేజ్’ చివరి అర నిమిషం నుంచి పెట్టి ‘ఎక్లిప్స్’లోకి వెళ్లండి. డ్రమ్స్ నడక ఎక్కడా కాలు తడబడకుండా దాటితే మీ ఫోన్ పాసైనట్టే. తర్వాత అదే పరీక్ష ‘స్పీక్ టు మి’ నుంచి ‘బ్రీద్’లోకి చేయండి. గుండె చప్పుడు మీదకు గడియారాలు, నగదు యంత్రం, పిచ్చినవ్వు, కేక అన్నీ కమ్ముకొచ్చి ఒక్కసారిగా గిటారు కిందికి దిగే చోటది. అక్కడ రవ్వంత ఖాళీ వచ్చినా ఎత్తుకున్న బరువంతా నేలపాలు.

ఇంకో మాట. మొదటి పాట పూర్తి నిశ్శబ్దం నుంచి మొదలవుతుంది. ఆ గుండె చప్పుడు నిజమైన గుండెది కాదు, బేస్ డ్రమ్ శబ్దాన్ని మెత్తబరిచి తయారుచేసింది. అంత లోతైన శబ్దాన్ని ఫోన్ స్పీకరు పలికించలేదు. ‘ఏమీ రావట్లేదే’ అని వాల్యూమ్ పెంచేశారా, నాలుగో పాట ‘టైమ్’లో గడియారాలన్నీ ఒక్కసారి గంటలు కొట్టినప్పుడు గుండె జారుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవారు ముందుగా ఆ గడియారాల చోటు విని, అక్కడ భరించగలిగినంతకు వాల్యూమ్ సరిచూసుకుని, అప్పుడు మొదటికి రండి.

ప్రశ్న: సంగీతం నేర్పుతుంటాను. మా అబ్బాయి ‘మనీ’ వినిపించి ఇది ఏడు దెబ్బల తాళం అన్నాడు. మిశ్ర చాపు అనుకోవచ్చా? (హనుమకొండ)

జవాబు: లెక్క ఏడే గానీ చాపు కంటే తిశ్రజాతి త్రిపుటే దీనికి బాగా అమరుతుందండీ. మిశ్ర చాపులో మూడూ నాలుగుగా విరిగే ఒక ఊపు ఉంటుంది. ఇక్కడ బేస్ గిటారు వరుస ఏడు సమమైన అడుగులుగా నడుస్తుంది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మీ పిల్లలు అలంకారాల్లో ‘సరిగ సరి గమ’ అని వేసే త్రిపుటే. వేసి చూడండి, ఆవర్తనం మొదటి దెబ్బ ప్రతిసారీ బేస్ వరుస మొదటి స్వరం మీదే పడుతుంది.

పాటకు ముందొచ్చే చిల్లర శబ్దాలే మీ పిల్లలకు తాళం పాఠం. గిన్నెలో పడే నాణేలు, చిరిగే కాగితం, నగదు యంత్రం లాంటి శబ్దాలను విడివిడిగా రికార్డు చేశారు. ప్రతి టేపు ముక్కనూ స్కేలు పెట్టి ఒకే పొడవుకు కోసి, ఏడు ముక్కలూ అతికి చక్రంలా తిప్పారు. పొడవు సమానమైతే కాలం సమానం. మెట్రోనోమ్ పని కత్తెర చేసిందన్నమాట. పిల్లల చేత ముందు ఈ శబ్దాల మీద త్రిపుట వేయించండి, బేస్ వచ్చాక చేయి ఆపకుండా కొనసాగించమనండి.

చేయి ముఖ్యంగా తప్పేది ఒక చోట. డిక్ ప్యారీ శాక్సఫోన్ సోలో ఏడు దెబ్బల్లోనే సాగుతుంది. అది అయ్యాక గిటారు సోలో మొదలవగానే తాళం నాలుగు దెబ్బలకు మారిపోతుంది. ఏడులో వేస్తున్న చేయి రెండో ఆవర్తనానికే దారి తప్పుతుంది. అక్కడ ఆది తాళంలోకి మారి, సోలో అయ్యాక బేస్ వరుస తిరిగొచ్చినప్పుడు మళ్లీ త్రిపుట పట్టుకోవాలి. గిటారిస్టు డేవిడ్ గిల్మర్‌కు స్వేచ్ఛగా వాయించుకునే వీలు కోసమే ఈ మార్పు. సోలో మధ్య భాగంలో ప్రతిధ్వని అంతా తీసేశారు. పెద్ద హాలులోంచి చిన్న గదిలోకి వచ్చి ఎవరో మన ఎదుటే కూర్చుని వాయిస్తున్నట్టుంటుంది. మళ్లీ వినేవారు మొదట పట్టుకోవలసిన జాగా ఇదే అని మా అభిప్రాయం.

ప్రశ్న: నాన్నగారి ఎల్పీ ఇరవై ఏళ్లుగా అటక మీద ఉంది. తెల్లటి బూజు పట్టింది. తుడిచి వేస్తే మొదటి పాటలు ఫర్వాలేదు గానీ ‘గ్రేట్ గిగ్’లో గాయని గొంతెత్తేసరికి బరబరమంటోంది. రికార్డు పాడైపోయినట్టేనా? (విశాఖపట్నం)

జవాబు: అప్పుడే ఆశ వదులుకోకండి. బూజు సంగతి వేరు, బరబర సంగతి వేరు.

ముందు బూజు. సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో ఇది మామూలే. అది ఎక్కువగా రికార్డును కాదు, దాని మీది జిడ్డునూ లోపలి కాగితపు సంచినీ తింటుంది. కాబట్టి పాత లోపలి సంచి పారేయండి, అట్ట కవరును మాత్రం దాచుకోండి. మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్‌కు ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపండి. బ్యాటరీల్లో పోసే నీళ్ల సీసా సరిపోతుంది, యాసిడ్ సీసా కాదు సుమా. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. ఆరాక వాటి ఉప్పు గాడిలో పేరుకుని కొత్త చిటపటలు తెస్తుంది. శానిటైజర్ కూడా వద్దు, అందులో గ్లిజరిన్, అత్తరు లాంటివి కలుస్తాయి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, గాడి తిరిగిన దారినే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా ఎప్పుడూ కాదు. మధ్య లేబుల్ తడవకూడదు. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే వినైల్ వంగుతుంది. నాన్నగారి దగ్గర 78 స్పీడు పాత రికార్డులుంటే ఈ ద్రావణం వాటి దగ్గరికి తీసుకెళ్లవద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

ఇక బరబర. ‘గ్రేట్ గిగ్’ మొదటి వైపు ఆఖరి పాట, అంటే లేబుల్‌కు దగ్గరగా ఉంటుంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది గానీ బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు పరిగెడితే, లోపలి చివర 21 సెంటీమీటర్లే కదులుతుంది. అంతే శబ్దం సగానికి తక్కువ చోటులో ఇరుక్కోవాలి. పైగా ఈ ఆల్బమ్‌లో అతి తీవ్రమైన గొంతు సరిగ్గా అక్కడే పడింది. మొద్దుబారిన ముల్లు ఆ సన్నని మలుపులు తిరగలేక గాడి గోడల్ని గీరుతుంది.

వరసగా ఇవి చూడండి. ముల్లు మీద ఉండచుట్టిన దుమ్మును పొడి బ్రష్‌తో వెనకనుంచి ముందుకు ఒక్కసారి లాగండి. ముల్లు వాడి 500 గంటలు దాటి ఉంటే అనుమానించండి, 1000 దాటితే మార్చేయండి. ముల్లు గాడి మీద మోపే బరువు కార్ట్రిడ్జి (ముల్లు బిగించిన భాగం) కంపెనీ చెప్పిన హద్దులోనే ఉండాలి, మామూలు మ్యాగ్నెటిక్ రకాలకు అది 1.5 నుంచి 2.5 గ్రాములు. చాలామంది రికార్డు అరుగుతుందని భయపడి బరువు బాగా తగ్గించేస్తారు. అది తలకిందులు లెక్క. తేలికైన ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి ఎక్కువ నష్టం చేస్తుంది. గుండ్రటి మొన ఉన్న ముల్లు ఉంటే దీర్ఘవృత్తాకారపు మొన ఉన్నది వేయించండి, లోపలి గాడుల్లో తేడా వెంటనే తెలుస్తుంది. ఇవన్నీ చేశాక కూడా అక్కడే అదే బరబర వస్తే, ఒకప్పటి ముల్లు ఆ గోడల్ని చెక్కేసిందన్నమాట. దానికి మందు లేదు. అయినా రెండో వైపు ‘అస్ అండ్ దెమ్’ మధ్యలో ఉంటుంది గనక అది బాగానే పలకాలి. ఆ పాట కోసమైనా రికార్డు దాచుకోండి.

ప్రశ్న: నా వయసు ఇరవై రెండు. అందరూ ఆహా ఓహో అంటే విన్నాను. నిజం చెప్పాలంటే చాలా నెమ్మది. ‘ఆన్ ద రన్’ అయితే పాత వీడియో గేమ్‌లా ఉంది. నాలో లోపమా? (హైదరాబాద్)

జవాబు: లోపం లేదు, మీరు గమనించింది సరైనదే. ఇది నెమ్మది ఆల్బమే. డ్రమ్స్ వాయించిన నిక్ మేసన్ ఎక్కడా తొందరపడడు, కీబోర్డులు వాయించిన రిచర్డ్ రైట్ ఒక్కో స్వరాన్ని ఆరేదాకా వదలడు. వేగం కోసం వింటే విసుగే మిగులుతుంది. వెలితి కోసం వినాలి: ఏ వాయిద్యం ఎక్కడ ఊరుకుంది, ఆ ఖాళీలోకి ఎవరొచ్చారు అని.

‘ఆన్ ద రన్’ ఇప్పుడు వెలిసినట్టు అనిపిస్తే అనిపించనివ్వండి. ఆల్బమ్‌లో వయసు మీదపడిన పాట అదొక్కటే అని మాకూ అనిపిస్తుంది. అయితే అది ఎలా పుట్టిందో తెలిస్తే వినే తీరు మారుతుంది. కచేరీల్లో ఆ చోట మొదట గిటారు మీద సాగే వేరే ముక్క ఉండేది. స్టూడియోలో దాన్ని తీసేసి, చేతిపెట్టె అంత ఉండే సింథీ ఏకేఎస్ అనే బ్రిటిష్ సింథసైజర్‌లో ఎనిమిది స్వరాలు నెమ్మదిగా మీటి, యంత్రం చేత వేగంగా తిప్పించారు. ఎనిమిది స్వరాలే, పాట పొడుగునా అవే. మారేదల్లా చేత్తో తిప్పుతున్న మీటలు. హెడ్‌ఫోన్‌లో వింటే అడుగుల చప్పుడు ఎడమ నుంచి కుడికి పరుగెడుతుంది. ఒక్క చెవికే ఇయర్‌బడ్ పెట్టుకుంటే, లేదా ఫోన్‌లో ‘మోనో’ ఆన్‌లో ఉంటే ఈ పాటలో సగం పోయినట్టే. ముందు అది చూసుకోండి.

నచ్చకపోతే ‘టైమ్’ మీద ఒక ప్రయోగం చేయండి. అందులో మొదటి రెండు నిమిషాలకు పైగా గొంతే రాదు. ఇంజినీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కో గడియారాన్నీ విడిగా రికార్డు చేసి కలిపిన గంటలు ముందు. వాటి వెనక టిక్ టిక్ మనేది గడియారం కాదు, బృందం బేసిస్టు రోజర్ వాటర్స్ అదిమిపట్టి మీటిన బేస్ తీగలు. తర్వాత స్వరం కట్టిన చిన్న డ్రమ్స్, రోటోటామ్‌లు. ఆ రెండు నిమిషాలూ ఫోన్ పక్కన పెట్టి వినండి. ఆ తర్వాత గొంతు వచ్చినప్పుడు కూడా ఏమీ అనిపించకపోతే ఈ ఆల్బమ్‌ను ఒక అయిదేళ్లు వదిలేయండి. ఎక్కడికీ పోదు. అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 1973 నుంచి 1988 దాకా 741 వారాలున్న రికార్డు ఇది, మీ కోసం ఇంకొన్నాళ్లు ఆగగలదు.

ప్రశ్న: ‘గ్రేట్ గిగ్’లో ఆవిడ ఏ భాషలో పాడుతోంది? ఏ రాగానికి దగ్గర? (రాజమహేంద్రవరం)

జవాబు: ఏ భాషా కాదు. మాటల్లేవు. క్లేర్ టోరీ అనే స్టూడియో గాయనిని 1973 జనవరిలో ఒక ఆదివారం పిలిపించారు. మొదట్లో అలవాటు కొద్దీ మాటలు వేయబోతే వద్దన్నారు. దాంతో ఆమె తన గొంతును ఒక వాయిద్యం అనుకుని పాడింది. ఆదివారం రెట్టింపు లెక్కన ముట్టింది 30 పౌండ్లు. రచనలో తనకూ భాగముందని 2004లో ఆమె కోర్టుకు వెళ్లింది, మరుసటేడు బయట రాజీ కుదిరింది. అప్పటి నుంచి రైట్ పక్కన ఆమె పేరూ స్వరకర్తగా పడుతోంది. మీ సీడీ మీద రైట్ పేరొక్కటే ఉంటే అది అంతకుముందుదన్నమాట.

ఇక రాగం. వెతక్కండి, దొరకదు. మన ఆలాపనకు షడ్జం కదలని స్తంభం. ఇక్కడ కింద పియానో కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతున్నకొద్దీ ఆధారమే జరిగిపోతుంటుంది. జరిగే నేల మీద నిలబడి పాడటం ఆవిడ గొప్ప. పాట నడకను చూడండి: ముందు తెగించిన ఎత్తు, మధ్యలో వేడుకోలు, చివర ఊపిరి. ఆఖర్న దాదాపు గుసగుసలోకి దిగిపోతుంది. కారులో, రోడ్డు మోతలో వింటే ఆ చివరి నిమిషం అసలు చెవిన పడదు.

ప్రశ్న: ఒక పాత హాలీవుడ్ సినిమాతో కలిపి వేస్తే దృశ్యాలకు సరిగ్గా సరిపోతుందట. నిజమేనా? (ఖమ్మం)

జవాబు: ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ గురించే కదా మీరంటున్నది. ఆల్బమ్ 43 నిమిషాలు, 1939 నాటి ఆ సినిమా వంద నిమిషాల పైచిలుకు. ఏ 43 నిమిషాల సంగీతం ఏ సినిమా మీద వేసినా కొన్ని చోట్ల కలుస్తుంది, కలిసినవే గుర్తుంటాయి. అలాంటి ఉద్దేశమే లేదని బృందం వాళ్లు, పార్సన్స్ చాలాసార్లు చెప్పారు.

ప్రశ్న: కవరు మీద ఇంద్రధనుస్సులో ఆరే రంగులున్నాయి. నకిలీ కొన్నానా? (నెల్లూరు)

జవాబు: నకిలీ కాదు. కవర్లు రూపొందించే హిప్‌నోసిస్ సంస్థ కోసం జార్జ్ హార్డీ గీసినప్పుడే ఇండిగో వదిలేశారు. అసలు చూడవలసింది మడత కవరు లోపలి వైపు. ఆకుపచ్చ గీత అక్కడ గుండె కొట్టుకున్నట్టు పైకీ కిందికీ లేస్తుంది. ఎల్పీ విడుదలైనప్పుడు లోపల రెండు పోస్టర్లు, స్టిక్కర్లు కూడా ఉండేవి. పాతది కొంటుంటే అవి ఉన్నాయా అని అడగండి, ధర వాటిని బట్టే మారుతుంది.

ప్రశ్న: ఇంట్లో అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్నాయి. ఏ వెర్షన్ కొనాలి? (డాలస్, అమెరికా)

జవాబు: మీ ఏర్పాటుకు సౌండ్ ఇంజినీర్ జేమ్స్ గత్రీ చేసిన 5.1 మిక్స్ సరిపోతుంది. అది 2003లో ఎస్ఏసీడీగా (సూపర్ ఆడియో సీడీ) వచ్చింది. ఆ డిస్కులో చుట్టుశబ్దం వినాలంటే ప్లేయరుకు ఎస్ఏసీడీ చదివే శక్తి ఉండాలి, మామూలు సీడీ ప్లేయర్ పాటలు పాడుతుంది గానీ రెండు చానళ్లలోనే. పైకప్పు స్పీకర్లు పెట్టించుకునే ఆలోచన ఉంటే 2023లో వచ్చిన అట్మాస్ మిక్స్ చూడండి, అదీ గత్రీదే. పార్సన్స్ 1973లో చేసిన నాలుగు చానళ్ల మిక్స్ 2011 నాటి పెద్ద పెట్టెలో దొరుకుతుంది. గడియారాలు నాలుగు మూలల నుంచీ మోగేది అందులోనే బాగుంటుంది. నిజానికి వాటిని ఆయన రికార్డు చేసిందే నాలుగు చానళ్ల శబ్దాన్ని చూపించడానికి.

కానీ మళ్లీ వినడం మొదలుపెట్టేవారికి మా సలహా మామూలు రెండు చానళ్ల మిక్సే. చుట్టూ స్పీకర్లు పెడితే వింతలు వెతుక్కుంటూ తల తిప్పుతాం, పాట వినం. మరో జాగ్రత్త: యాప్‌లో వెతికేటప్పుడు పేరు పక్కన ‘రిడక్స్’ అని ఉంటే అది వాటర్స్ ఒక్కడే 2023లో మళ్లీ చేసిన వేరే ఆల్బమ్. ఇంకా నెమ్మది, ఎక్కువగా మాటలు. మొదటిసారి వినేవారు దాన్నే అసలుదనుకుని పారిపోయే ప్రమాదముంది.

ప్రశ్న: పాటల వెనక ఎవరో గొణుగుతుంటారు. వాళ్లెవరు? చివర్లో చెప్పేది ఎంత ప్రయత్నించినా అర్థం కావడం లేదు. (తిరుపతి)

జవాబు: లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డింగ్ ముగింపుకొస్తుండగా వాటర్స్ కొన్ని ప్రశ్నలు కార్డుల మీద రాసి, అటుగా వచ్చిన వారి చేత జవాబులు చెప్పించాడు. తేలికవాటితో మొదలై బరువెక్కుతాయి: చివరిసారి ఎవరి మీద చేయి చేసుకున్నావు, తప్పు నీదేనా, చావంటే భయమా. సిబ్బంది, బృందం వెంట తిరిగే పనివాళ్లు సూటిగా చెప్పారు, అవే ఉంచారు. పక్క స్టూడియోలో పనిచేస్తున్న పాల్ మాకార్ట్నీ కూడా చెప్పాడు గానీ మరీ ఆచితూచి మాట్లాడాడని వాడలేదు. పిచ్చినవ్వు రోడ్ మేనేజర్ పీటర్ వాట్స్‌ది.

మీరు పట్టుకోలేకపోతున్న ఆఖరి గొంతు స్టూడియో ద్వారపాలకుడు జెరీ ఓడ్రిస్కల్‌ది. చావంటే భయం లేదని ‘గ్రేట్ గిగ్’ మొదట్లో చెప్పేవాడూ ఆయనే. ‘ఎక్లిప్స్’ అయిపోయాక గుండె చప్పుడు మిగిలిన చోట, చంద్రుడికి చీకటి వైపంటూ వేరే ఏమీ లేదనీ నిజానికి అంతా చీకటేననీ అంటాడు. ఐరిష్ యాస, పైగా చాలా చిన్న శబ్దం. పాట ఆఖరి దెబ్బ పడగానే వాల్యూమ్ రెండు మూడు గీతలు పెంచండి, హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా వస్తుంది. విన్నాక మాత్రం వెంటనే తగ్గించేయండి. ఫోన్‌లో రిపీట్ ఆన్‌లో ఉంటే ఆ గుండె చప్పుడు ఆరిపోయి మళ్లీ మొదటి పాట గుండె చప్పుడుగా లేస్తుంది. ఆ అతుకు ఎంత బాగా కలుస్తుందంటే ఆల్బమ్ తిరిగి మొదలైందని మీకు తెలిసేసరికి మళ్లీ ఆ కేక వచ్చేస్తుంది.